పొరుగువారి తెగల పోరుకు తుపాకులు అందించకండి

కెన్యా ఈశాన్య మూలన మందేరా అనే పట్టణం ఉంది. అక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో సోమాలియా పట్టణం బెలెద్ హావో. ఉత్తరాన దావా నది దాటితే ఇథియోపియా. మూడు దేశాలవాళ్ళూ ఒకే సంతలో పశువులు అమ్ముకుంటారు, ఒకరింటి పెళ్ళికి ఒకరు వెళతారు. 2020 మార్చి 2న బెలెద్ హావోలో సోమాలియా కేంద్ర సైన్యానికీ, జూబాలాండ్ ప్రాంతీయ ప్రభుత్వ దళాలకూ మధ్య కాల్పులు మొదలయ్యాయి. తూటాలు సరిహద్దు దాటి మందేరాలో పడ్డాయి. జనం ఇళ్ళు వదిలి పారిపోయారు. 2021 జనవరిలో అదే పట్టణంలో అవే రెండు పక్షాలు మళ్ళీ తలపడ్డాయి. చనిపోయినవారిలో పసిపిల్లలున్నారు. 2024 డిసెంబరులో పోరు దక్షిణాన, సముద్ర తీరంలోని రాస్ కంబోనీలో రాజుకుంది. ఓడిపోయిన కేంద్ర సైనికులు వందల సంఖ్యలో కెన్యాలోకి వచ్చిపడ్డారు. 2025 జులైలో బెలెద్ హావో మళ్ళీ మండింది. ఆ తర్వాత జూబాలాండ్ దళాలు సరిహద్దు దాటి మందేరాలోనే తిష్ట వేశాయని ఆ కౌంటీ గవర్నరే బహిరంగంగా మొరపెట్టుకున్నారు.

అయిదేళ్ళలో ఒకే సరిహద్దు ఇన్నిసార్లు అంటుకుందంటే దాన్ని మారుమూల తగవని తీసిపారేయడానికి వీల్లేదు. ఆఫ్రికా కొమ్ము అని పిలిచే ఈ ప్రాంతంలో ఇప్పుడు జరుగుతున్నదాన్ని ప్రభుత్వాలు తేలిగ్గా తీసుకుంటున్నాయి. ఒక తెగను తమ సరిహద్దుకు కాపలాగా పెట్టుకుని, ఇంకో తెగ మీదికి ఉసిగొల్పి, తమ దేశం భద్రంగా ఉందనుకుంటున్నాయి. నలభై ఏళ్ళకు పైగా ఈ ప్రాంతంలో చేసిన తప్పు ఇదే. ప్రతిసారీ దాని ఫలితం కాపలా పెట్టినవాడి గడపలోకే వచ్చింది. ఈసారి కూడా వస్తుంది. వచ్చే సూచనలు కళ్ళెదుటే ఉన్నాయి.

సోమాలీలది దాదాపు అందరిదీ ఒకే మతం. అత్యధికులది ఒకే భాష. తేడా వంశంలో ఉంది. దారోద్, హవియే, దిర్, ఇసాక్, రహన్‌వేన్ అనేవి పెద్ద వంశాలు. ఒక్కోదానికీ కొమ్మలు, ఆ కొమ్మలకు రెమ్మలు. తాత, ముత్తాత, వాళ్ళ తాత, ఇలా తన పూర్వీకుల పేర్లు వరసగా చెప్పడం పిల్లలకు చిన్నప్పుడే నేర్పుతారు. ఎడారి అంచు నేలలో పశువులు మేపుకుని బతికేవారికి ఈ వరస ఊరికే చెప్పుకునే గొప్ప కాదు. ఎవరి బావిలో నీళ్ళు తోడుకోవచ్చు, ఎవరి గడ్డి మేపుకోవచ్చు, ఎవడైనా కొడితే ఎవరు అడ్డొస్తారు, అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఒక మనిషిని చంపితే చంపినవాడొక్కడే శిక్ష మోయడు. అతని బంధుగణమంతా కలిసి నష్టపరిహారం కడుతుంది. దాన్ని మగ్ అంటారు. సంప్రదాయం ప్రకారం ఒక మగవాడి ప్రాణానికి 100 ఒంటెలు. పెద్దలు చెట్టు కింద కూర్చుని రోజుల తరబడి మాట్లాడి ఆ లెక్క తేలుస్తారు.

ఈ ఏర్పాటు శతాబ్దాలుగా హత్యలను ఆపింది కూడా. ఆ మాట ఒప్పుకుని తీరాలి. నా పిల్లవాడు తప్పు చేస్తే నా మంద కరిగిపోతుందన్న భయం ప్రతి గణానికీ ఉండేది. అయితే పరిహారం చెల్లకపోతే పగ తీర్చుకోవడం ఆ గణంలో ఎవరి మీదైనా కావచ్చు. చంపినవాడే దొరకాలని లేదు, వాడి పినతండ్రి కొడుకు దొరికినా చాలు. కత్తులూ బల్లేల కాలంలో దీనికి ఒక హద్దు ఉండేది. చేతికి ఏకే-47 వచ్చాక, లారీ మీద మెషిన్‌గన్ బిగించాక ఒక్క మధ్యాహ్నంలో చనిపోయేవారి సంఖ్య ఏ మందా తీర్చలేనంత పెరిగిపోయింది. పెద్దలు కూర్చోవడానికి చెట్టు మిగిలినా, లెక్క తేల్చే శక్తి వాళ్ళకు మిగల్లేదు.

ఆ తుపాకులు ఎక్కడి నుంచి వచ్చాయి? చాలావరకు ప్రభుత్వాల నుంచే.

1969లో సైనిక కుట్రతో అధికారం పట్టిన సియాద్ బారే తెగల పేరెత్తడాన్నే నేరం చేశాడు. లోలోపల మాత్రం తన మరెహాన్ తెగనూ, తల్లి పుట్టిన ఒగాదేన్ తెగనూ, అల్లుడి దుల్బహాంతె తెగనూ చుట్టూ పెట్టుకుని పాలించాడు. 1977లో ఇథియోపియాలోని సోమాలీ ప్రాంతాన్ని కలుపుకోవాలని దండెత్తి మరుసటి ఏడాదికల్లా ఓడిపోయాడు. ఆ తర్వాత రెండు దేశాలూ ఒకే పని చేశాయి. ఇథియోపియా పాలకుడు మెంగిస్తు సోమాలియాలోని మజేర్తేన్, ఇసాక్ తెగల తిరుగుబాటుదారులకు చోటిచ్చి ఆయుధాలిచ్చాడు. బారే ఇథియోపియాలోని ఒగాదేన్ తిరుగుబాటుదారులకు అదే చేశాడు. పదేళ్ళ తర్వాత, 1988 ఏప్రిల్‌లో, ఇక ఒకరి తిరుగుబాటుదారులను ఒకరు పోషించవద్దని ఇద్దరూ సంతకాలు పెట్టారు. కాగితం మీద అది శాంతి ఒప్పందం. ఆశ్రయం పోయిన ఇసాక్ పోరాటగాళ్ళు మే నెలలో సరిహద్దు దాటి ఉత్తర సోమాలియా పట్టణాల మీద పడ్డారు. బారే తన దేశపు పట్టణమే అయిన హర్గేసా మీద విమానాలతో బాంబులు వేయించాడు. ఇసాక్ ప్రజలు వేలకు వేలుగా చనిపోయారు. లక్షలమంది కాలినడకన ఇథియోపియా చేరారు. హర్తిషేక్ అనే చోట అప్పట్లో ప్రపంచంలోనే అతిపెద్ద శరణార్థి శిబిరాల్లో ఒకటి వెలిసింది. తెగలను ఆయుధాలుగా వాడుకున్న రెండు ప్రభుత్వాలూ దాదాపు మూడేళ్ళకే, 1991లో, నాలుగు నెలల తేడాలో కూలిపోయాయి.

బారే పారిపోయాక సైన్యం గిడ్డంగులు లూటీ అయ్యాయి. గెలిచినవాళ్ళ మధ్యే పోరు మొదలైంది. అలీ మహ్దీ, ఫరా ఐదీద్ ఇద్దరూ హవియే వంశంవారే, కొమ్మలు వేరు. 1991 నవంబరు నుంచి నాలుగు నెలలు రాజధాని మొగదిషును వీధి వీధికీ చీల్చి ఫిరంగులతో కొట్టుకున్నారు. రెండు నదుల మధ్య జొన్న పండించే రహన్‌వేన్ రైతులకు ఈ తగవుతో సంబంధమే లేదు. అయినా అటు వెళ్ళిన సేనా, ఇటు వచ్చిన సేనా వాళ్ళ గాదెలే దోచాయి. 1992 కరువులో ఎక్కువగా మాడి చచ్చింది పంట పండించినవాళ్ళే. బైదోవా పట్టణం ఆ చావుకు గుర్తుగా ప్రపంచానికి తెలిసింది. మన దేశానికి కూడా బైదోవా కొత్త పేరు కాదు. ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో భాగంగా 1993, 94ల్లో భారత సైనిక దళం అక్కడే పనిచేసింది. మనవాళ్ళు కొందరు ప్రాణాలు అక్కడే వదిలారు.

బారే పారిపోయిన 1991లోనే కెన్యా ఇసుక నేల మీద దదాబ్ శిబిరాలు మొదలయ్యాయి. కొన్ని నెలలకని వేసిన గుడారాలు ఇఫో, దగహలే, హగదేరా అనే ఊళ్ళుగా మారాయి. 2011 కరువునాటికి అక్కడి జనం 5 లక్షలకు చేరువయ్యారు. అక్కడే పుట్టి, అక్కడే చదివి, అక్కడే పెళ్ళాడి, పిల్లల్ని కన్నవాళ్ళున్నారు. సోమాలియాను చూడలేదు, కెన్యా పౌరసత్వం రాలేదు. వాళ్ళను ఉగ్రవాదులకు నీడనిచ్చేవారిగా చూపి శిబిరాన్ని మూసేస్తామని 2016లో కెన్యా ప్రభుత్వం ప్రకటించింది. 2017 ఫిబ్రవరిలో ఆ దేశ హైకోర్టు అది చెల్లదని తీర్పిచ్చింది. న్యాయం వైపు నిలిచిన తీర్పు అది.

మనుషులతోపాటు తుపాకులూ దాటాయి. మందేరా, వాజిర్, గరిస్సా జిల్లాల్లో గర్రె, దెగోదియా, మరెహాన్, ఒగాదేన్ తెగలు సరిహద్దుకు అటూ ఇటూ ఉంటాయి. అటు ఒక బావి దగ్గర చచ్చినవాడికి ఇటు ఒక బస్సులో పగ తీరుతుంది. 2014లో మందేరా, వాజిర్ ప్రాంతాల్లో గర్రె, దెగోదియా తెగలు కొట్టుకుని వేలాదిమంది ఊళ్ళు విడిచారు.

కెన్యా ప్రభుత్వం దీన్నెలా అణచాలనుకుందో 1984 నాటి వాగల్లా చెబుతుంది. తెగల తగవు ఆపుతామని, ఆయుధాలు పట్టుకుంటామని చెప్పి, వాజిర్ దగ్గరి ఆ విమానాల రన్‌వే మీద దెగోదియా మగవాళ్ళను మూకుమ్మడిగా పోగేసి ఎండలో రోజుల తరబడి నిలిపి కాల్చారు. ప్రభుత్వం మొదట 57 మంది అంది. బతికి బయటపడినవాళ్ళు చెప్పే సంఖ్య దానికి ఎన్నో రెట్లు. ఒకరి నేరానికి తెగ మొత్తాన్ని శిక్షించడం పగ తీర్చుకునే గణం చేసే పని. ప్రభుత్వమే ఆ పని చేస్తే పిల్లలు ఏ చట్టాన్ని నమ్మాలి?

ఇథియోపియా కథ ఇంకా స్పష్టం. 2007 ఏప్రిల్‌లో ఒగాదేన్ తిరుగుబాటుదారులు అబోలే చమురు క్షేత్రం మీద దాడి చేసి 70 మందికి పైగా చంపారు. వారిలో 9 మంది చైనీయులు. బదులుగా ఇథియోపియా ప్రభుత్వం అదే ప్రాంతపు సోమాలీ యువకులతో లియు పోలీస్ అనే ప్రత్యేక దళాన్ని పెంచింది. తెగను తెగతోనే కొట్టించాలన్నది లెక్క. తిరుగుబాటు తగ్గిన మాట నిజం. కానీ ఆ దళం ఎవరి మాటా వినని స్థితికి ఎదిగింది. ఊళ్ళ మీద పడి చేసిన అఘాయిత్యాలను మానవహక్కుల సంస్థలు ఏళ్ళ తరబడి నమోదు చేశాయి. 2017లో సోమాలీ, ఒరోమో ప్రాంతాల సరిహద్దు హింసలో దాని పేరే ముందు వినిపించింది. ఆ హింసలో ఇళ్ళు విడిచినవారు సుమారు 10 లక్షలు. ఒగాదేన్ తిరుగుబాటును అణచడానికి పెంచిన దళం ఇథియోపియా రెండు రాష్ట్రాల మధ్య మంట పెట్టింది.

ఇప్పుడు జూబాలాండ్‌కు వద్దాం. మందేరా తూటాల వెనక ఉన్నది ఇదే కథ.

2011 అక్టోబరులో కెన్యా సైన్యం సోమాలియాలోకి వెళ్ళింది. సరిహద్దు పొడవునా తనకు అనుకూలమైన ప్రాంతం ఒకటి ఉంటే ఉగ్రవాదులు లోపలికి రాలేరన్నది ఆలోచన. అహ్మద్ మదోబే నాయకత్వంలోని రాస్ కంబోనీ దళం కెన్యాతో చేతులు కలిపింది. 2012లో వాళ్ళంతా కలిసి కిస్మాయో రేవు పట్టుకున్నారు. మదోబే జూబాలాండ్‌కు అధినేత అయ్యాడు. అతనిది ఒగాదేన్ తెగ. జూబాలాండ్‌లోనే ఉన్న గెదో ప్రాంతంలో ఎక్కువమంది మరెహాన్‌లు. రెండూ దారోద్ వంశపు కొమ్మలే అయినా కిస్మాయో రేవు కోసం 1990ల నుంచే పోట్లాడుకుంటున్నాయి. రేవు అంటే పన్ను, పన్ను అంటే సేన. బొగ్గు ఎగుమతిని ఐక్యరాజ్యసమితి 2012 ఫిబ్రవరిలో నిషేధించినా కిస్మాయో నుంచి బొగ్గు ఆగలేదని, అందులో మదోబే మనుషులకూ కెన్యా సైన్యానికీ వాటా ఉందని ఆ సమితి నియమించిన పరిశీలకులే రాశారు.

తన దేశంలోని ఒగాదేన్ తిరుగుబాటును మరచిపోలేని ఇథియోపియాకు మదోబే మీద అనుమానం. 2017లో సోమాలియా అధ్యక్షుడైన ఫర్మాజోది మరెహాన్ తెగ. ఇథియోపియా అతని వైపు, కెన్యా మదోబే వైపు. 2020లో బెలెద్ హావోలో కాల్చుకున్నవాళ్ళు సోమాలీలే అయినా వెనక నిలబడినవి రెండు పొరుగు రాజధానులు. పైగా ఆ రెండు దేశాల సైనికులూ ఒకే ఆఫ్రికన్ యూనియన్ శాంతి దళంలో ఉన్నారు. శాంతి కాపాడటానికి వచ్చినవాళ్ళు తగవులో చెరో పక్షమయ్యారు. ఇది ఎంత ప్రమాదమో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ చీలికల మధ్యే అల్ షబాబ్ అనే ఉగ్రవాద సంస్థ బతుకుతోంది. ఆ సంస్థ కేవలం మత ఛాందసం మీద నిలబడిందనుకుంటే దాన్ని ఎప్పటికీ ఓడించలేం. 2006 డిసెంబరులో ఇథియోపియా సైన్యం మొగదిషులోకి వచ్చి ఇస్లామిక్ కోర్టుల పాలనను కూల్చినప్పుడు అల్ షబాబ్ చిన్న ముఠా. విదేశీ సైన్యం మీది కోపం దాన్ని పెద్దది చేసింది. తెగల తగవులు దాన్ని నిలబెట్టాయి. పలుకుబడి లేని తెగలవారికి, నది ఒడ్డున సేద్యం చేసే బంతూలకు ప్రభుత్వ కోర్టులో భూమి తిరిగి రాదు. అవతలివాడి తెగ పెద్దదైతే మెజిస్ట్రేటు కూడా అతని వైపే. అల్ షబాబ్ కోర్టు వాళ్ళకు తీర్పిస్తుంది, ఆ తీర్పు అమలవుతుంది. దానికి బదులుగా ధాన్యంలో వాటా, పశువుల్లో వాటా, ఇంట్లో ఒక కొడుకు. రెండు తెగలు కొట్టుకునే చోట ఓడిపోతున్నవాళ్ళ దగ్గరకు వెళ్ళి చేయూతనిస్తుంది. ఆ ఊరు తర్వాత దాని చేతిలోంచి అంత తేలిగ్గా రాదు.

ఆ సంస్థ చేతులు ఎంత దూరం చాచిందో తేదీలే చెబుతాయి. 2010 జులై 11న కంపాలాలో ప్రపంచకప్ ఫైనల్ చూస్తున్న జనంలో బాంబులు పేలి 70 మందికి పైగా చనిపోయారు. 2013 సెప్టెంబరులో నైరోబీ వెస్ట్‌గేట్ మాల్‌లో 67 మంది. వారిలో భారతీయులూ ఉన్నారు. 2015 ఏప్రిల్ 2న గరిస్సా విశ్వవిద్యాలయంలో 148 మంది, అత్యధికులు విద్యార్థులే. 2022 జులైలో వందలమంది అల్ షబాబ్ మనుషులు ఏకంగా ఇథియోపియా భూభాగంలోకి చొరబడ్డారు. గరిస్సాలో కాల్చినవారిలో ఒకడు నైరోబీలో న్యాయశాస్త్రం చదివిన కెన్యా యువకుడు, మందేరాలో ఒక ప్రభుత్వ అధికారి కొడుకు. సరిహద్దు దాటి వచ్చినవాడు కాదు. అంతకుముందు 2014లో నైరోబీ ఈస్ట్‌లీ పేటలో పోలీసులు వేలాది సోమాలీలను ఇళ్ళల్లోంచి లాక్కొచ్చి స్టేడియంలో నిర్బంధించినప్పుడు ఆ దేశం తన పిల్లలకు ఏం నేర్పిందో కెన్యావాసులే ప్రశ్నించుకున్నారు.

సోమాలియా సైన్యం ఎంత పెళుసైనదో 2021 ఏప్రిల్ చూపించింది. ఫర్మాజో పదవీకాలం ఫిబ్రవరిలోనే ముగిసింది. ఎన్నిక లేకుండానే పార్లమెంటు దిగువ సభ మరో రెండేళ్ళు పొడిగించింది. ఏప్రిల్ 25న హవియే తెగల సైనికులు అల్ షబాబ్‌తో పోరాడాల్సిన స్థావరాలు వదిలి రాజధానిలోకి వచ్చి, అధ్యక్షుడి పక్షాన ఉన్న సైనికుల మీద కాల్పులకు దిగారు. అందరి ఒంటి మీదా ఒకే యూనిఫాం. 60 వేల నుంచి లక్ష మంది దాకా ఇళ్ళు విడిచారు. పొడిగింపు రద్దు చేసుకోవడంతో ఆనాడు గండం తప్పింది.

తప్పిన గండం తిరిగి వస్తోంది. 2024 మార్చిలో రాజ్యాంగ సవరణలకు నిరసనగా ఈశాన్య సోమాలియాలోని ప్రాంతీయ ప్రభుత్వం పుంట్‌లాండ్ కేంద్రాన్ని గుర్తించబోమంది. నవంబరులో జూబాలాండ్ తెగతెంపులు చేసుకుంది. ఎన్నిక ఎలా జరగాలన్న దాని మీదే రాజీ లేదు. పెద్ద వంశాలను నాలుగుగా లెక్కగట్టి ఒక్కోదానికి ఒక్కో వాటా, మిగిలిన అందరికీ కలిపి అర వాటా అనే 2000 నాటి అర్తా ఒప్పందం ఎవరికీ నచ్చదు, దాన్ని దాటే దారి మీద ఎవరికీ నమ్మకం లేదు. ఇటువంటి వేళ ఆ దేశంలోకి ఆయుధాలు పోటెత్తుతున్నాయి. మూడు దశాబ్దాలకు పైగా ఉన్న ఆయుధ నిషేధాన్ని భద్రతా మండలి 2023 డిసెంబరులో ఎత్తివేసింది. ప్రభుత్వానికి ఆయుధాలు కొనుక్కునే హక్కు ఉండాలన్న వాదనలో న్యాయముంది. కానీ ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2024 జులైలో, ఇథియోపియా నుంచి వస్తున్న ఆయుధాల లారీలను అబుద్వాక్ దగ్గర తెగ యోధులు దోచేశారు. ఆ తుపాకులు తర్వాత ఏ బావి దగ్గర పేలతాయో, ఏ సంతలో అమ్ముడవుతాయో, మందేరాకో, మరో సరిహద్దు పట్టణం మొయాలేకో ఎన్నాళ్ళలో చేరతాయో చెప్పగలిగినవారెవరూ లేరు.

తెగ సేనలతో అల్ షబాబ్‌ను కొట్టిన ప్రయోగం కూడా చూడాలి. 2022లో హిరాన్ ప్రాంతంలో హవాద్లే తెగవారు తిరగబడి మఅవీస్లీ అనే పేరుతో లుంగీల మీదే పోరాడి ఊళ్ళు విడిపించారు. వాళ్ళ తెగువను తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకెవరికీ లేదు. అయితే విడిపించిన ఊళ్ళో ప్రభుత్వం కోర్టు పెట్టలేదు, పోలీసును పెట్టలేదు. పాత భూమి తగవులు కొత్త తుపాకులతో మళ్ళీ లేచాయి. 2025 ఏప్రిల్‌లో ఆదన్ యబాల్ పట్టణాన్ని అల్ షబాబ్ తిరిగి పట్టుకుంది. ఉత్తరాన కూడా తెగల పోరు ఆగలేదు. లాస్ ఆనోద్‌లో 2023లో దుల్బహాంతె తెగకూ తనను తాను విడి దేశంగా ప్రకటించుకున్న సోమాలీలాండ్ దళాలకూ జరిగిన పోరు వల్ల సుమారు లక్షమంది కొన్ని వారాల్లోనే ఇథియోపియా దోలో ప్రాంతానికి చేరారు. వరుసగా అయిదు వానాకాలాలు ముఖం చాటేసిన నేల అది. అక్కడివాళ్ళు తమకే లేని నీళ్ళను వచ్చినవారితో పంచుకున్నారు.

అందుకే నైరోబీ, అడిస్ అబాబా, కంపాలా, అబుధాబీ, అంకారా, వాషింగ్టన్‌లకు చెప్పాల్సింది సూటిగా చెప్పాలి. ఆయుధం ఇస్తే సోమాలియా ఉమ్మడి సైన్యానికే ఇవ్వండి, ప్రతి తుపాకీకీ లెక్క అడగండి. తెగ నాయకుడికి నేరుగా ఇవ్వకండి, మీకెంత విధేయుడైనా సరే. సరిహద్దుకు ఇవతల మీ దేశంలోని సోమాలీ పౌరుడికి గుర్తింపు కార్డు, బడి, బావి ఇవ్వండి. ఆఫ్రికన్ యూనియన్ దళానికి 2025 నుంచి కొత్త పేరు పెట్టారు గానీ సరిపడా డబ్బు పెట్టలేదు. జీతం అందని సైనికుడు ఖాళీ చేసిన స్థావరంలోకి ఎవరు వస్తారో అందరికీ తెలుసు.

తెగల తగవును తుపాకీ లేకుండా ఆపడం కుదరదనేవాళ్ళు వాజిర్ వెళ్ళి చూడాలి. 1990ల తొలినాళ్ళలో అక్కడ దెగోదియా, అజురాన్, ఒగాదేన్ తెగలు వందల సంఖ్యలో చంపుకున్నాయి. సంతలో ఒక తెగ ఆడవాళ్ళు ఇంకో తెగవారికి పాలు అమ్మని రోజులు. దెఖా ఇబ్రహీం అబ్ది అనే యువతి, ఆమెతోపాటు కొందరు ఆడవాళ్ళు ముందు సంతను బాగుచేద్దామన్నారు. ఎవరికైనా ఎవరైనా అమ్మాలి, అడ్డుకుంటే తమ దగ్గరకు రావాలి అని కట్టుబాటు పెట్టారు. సంత నిలబడ్డాక పెద్దల దగ్గరకు వెళ్ళారు. అందరికంటే చిన్న తెగల పెద్దలను మధ్యవర్తులుగా కూర్చోబెట్టి పెద్ద తెగలను ఒప్పించారు. 1993లో అల్ ఫతా ఒప్పందం కుదిరింది. దొంగిలించిన పశువులు తిరిగి వచ్చాయి. ప్రభుత్వ అధికారులూ ఆడవాళ్ళూ పెద్దలూ కలిసి కూర్చునే కమిటీ పుట్టింది. అదే ఏడాది ఉత్తరాన బొరామాలో సోమాలీలాండ్ పెద్దలు నెలల తరబడి కూర్చుని సేనలను రద్దు చేసే ఒప్పందం చేసుకున్నారు. ఆ భోజనాల ఖర్చు ఎక్కువగా స్థానికులే భరించారు. యుద్ధానికి అయ్యే ఖర్చులో అది ఏ మూలకూ రాదు. అయినా ఇవాళ డబ్బున్న దేశాల్లో ఒక్కటీ ఇలా పెద్దలను కూర్చోబెట్టడానికి డ్రోనుకిచ్చినంత విలువ ఇవ్వడం లేదు.

ఇక మన గడపకు వద్దాం. విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి వాణిజ్య నౌకల్లో పనికి వెళ్ళే కుర్రాళ్ళకు ఏడెన్ సింధుశాఖ మామూలు దారి. అక్కడి సోమాలీ సముద్రపు దొంగల ముఠాలు కూడా తెగల అండతోనే పుట్టాయి. ఎయిల్ రేవులో ఒక తెగ, హరార్ధేరెలో ఇంకో తెగ. బందీని తెగ గ్రామాల్లో దాచితే ఏ నౌకాదళమూ వెతికి పట్టలేదు. 2010 సెప్టెంబరులో అస్ఫాల్ట్ వెంచర్ అనే నౌకను పట్టుకున్న దొంగలు సొమ్ము తీసుకుని నౌకను వదిలినా ఏడుగురు భారతీయ నావికులను మాత్రం 2014 అక్టోబరు దాకా వదల్లేదు. భారత జైళ్ళలో ఉన్న తమవాళ్ళకు బదులుగా వాళ్ళను అట్టిపెట్టుకున్నారు. తెగ పగలో బదులు మనిషిని పట్టుకునే పద్ధతి నాలుగేళ్ళు మన ఇళ్ళ పిల్లల మీద అమలైంది. 2023 చివర్లో దొంగతనాలు మళ్ళీ మొదలయ్యాయి. 2024 మార్చిలో ఐఎన్ఎస్ కోల్‌కతా దొంగల చేతిలో చిక్కిన రువెన్ నౌకను చుట్టుముట్టి 17 మందిని విడిపించి 35 మంది దొంగలను ముంబైకి తెచ్చింది. నౌకాదళానికి చేతులెత్తి మొక్కాలి. అలాగని ప్రతి నౌక వెంటా యుద్ధనౌక వెళ్ళలేదు.

కాబట్టి ఓడ ఎక్కే ముందు ప్రతి యువకుడూ, వాళ్ళ తల్లిదండ్రులూ అడగాల్సినవి అడగాలి. ఏజెంటుకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ లైసెన్సు ఉందా? ఓడ యజమాని ఎవరు? బీమాలో అపహరణ ఉందా? సోమాలియా తీరం మీదుగా వెళ్ళేటప్పుడు సాయుధ కాపలా ఉంటుందా? బందీగా ఉన్న రోజులకూ జీతం వస్తుందని ఒప్పందంలో రాసి ఉందా? సమాధానం దాటవేసే ఏజెంటుకు డబ్బు కట్టకండి. లైసెన్సు లేని ఏజెంటు పంపిన ఓడ చిక్కుకుంటే యజమాని మాయమవుతాడు, కుటుంబం ఢిల్లీ కార్యాలయాల చుట్టూ తిరుగుతుంది.

నైరోబీ, కంపాలాల్లో ఉంటున్న తెలుగువారు భారత హైకమిషన్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి. మందేరా, గరిస్సా, లాము వైపు పని మీద వెళ్ళాల్సి వస్తే హైకమిషన్ సలహా చూడకుండా బయలుదేరకండి. కంపెనీ ఎంత తొందర పెట్టినా సరే.

హైదరాబాద్ టోలీచౌకిలో చదువుకుంటూ ఉంటున్న సోమాలీ యువతీ యువకులున్నారు. ఇంత చదివి వాళ్ళను అనుమానంగా చూస్తే ఈస్ట్‌లీలో కెన్యా పోలీసులు చేసిన తప్పే మనమూ చేస్తాం. వాళ్ళలో ఎక్కువమంది ఈ తెగల పోరు నుంచి తప్పించుకుని పుస్తకం పట్టినవాళ్ళు. ఇల్లు అద్దెకు అడిగితే ఇవ్వండి.

మన ప్రభుత్వం చేయాల్సిన పని ఒకటుంది. బైదోవాలో తన రక్తం ధారపోసిన దేశంగా ఐక్యరాజ్యసమితిలో మన మాటకు బరువుంది. ఆఫ్రికన్ యూనియన్ దళానికి ఏటా తప్పని నిధి ఏర్పడాలని, సోమాలియాలోకి వెళ్ళే ప్రతి ఆయుధానికీ గుర్తు వేసి లెక్క కట్టాలని, ఆ లెక్క పొరుగు దేశాలన్నిటికీ చూపాలని భారత్ గట్టిగా అడగాలి. బెలెద్ హావోలో మళ్ళీ కాల్పులు మొదలు కాకముందే అడగాలి.